‘తప్పెవరిది’ నుంచి ‘తప్పెంత’ వరకు

రెండు బండ్లు గుద్దుకున్న చోట దెబ్బలు ఎవరికి తగిలాయో చూడకముందే ‘తప్పు నీదే’ అనే మాట లేస్తుంది. జనం మూగుతారు. పెద్ద బండి నడిపినవాడిదే తప్పని కొందరు, హారన్ కొట్టలేదని కొందరు అక్కడికక్కడే తీర్పు చెప్పేస్తారు. కోర్టులు మాత్రం ఈ తగవును ఎలా తీర్చాలో నేర్చుకోవడానికి రెండు వందల ఏళ్లకు పైగా తీసుకున్నాయి. తప్పు ఎవరిదని అడగడం మాని, ఎవరి తప్పు ఎంత అని అడగడం అలవాటు చేసుకున్నాకే న్యాయం బాధితుడి దరికి చేరింది. అయితే ఆ న్యాయం ఇప్పటికీ రోడ్డు మీద దొరికే సాక్ష్యం మీదే ఆధారపడి ఉంది.

మన న్యాయస్థానాలు ఈ విషయంలో మొదటి పాఠాలు ఇంగ్లండు నుంచే తెచ్చుకున్నాయి. 1809 నాటి బటర్‌ఫీల్డ్ కేసు కార్లు లేని కాలానిది. డెర్బీ పట్టణంలో ఒకాయన ఇంటి మరమ్మతు కోసం దారిలో కొంతమేర అడ్డంగా కర్ర పెట్టాడు. సందెవేళ మరొకాయన గుర్రాన్ని దౌడు తీయిస్తూ వచ్చి, ఆ కర్రకు తగిలి కిందపడ్డాడు. కర్ర వంద గజాల దూరం నుంచే కనబడేంత వెలుతురు ఉందని సాక్ష్యం వచ్చింది. దారికి అడ్డం పెట్టడం తప్పే. కానీ జాగ్రత్తగా వస్తే ప్రమాదం తప్పేది కాబట్టి రౌతుకు పైసా రాదని కోర్టు తేల్చింది. పిసరంత తప్పున్నా పరిహారం మొత్తం పోతుందన్న కఠిన సూత్రం అక్కడ స్థిరపడింది.

ఆ కాఠిన్యాన్ని 1842లో ఒక గాడిద కేసు కొంత సడలించింది. ముందుకాళ్లకు బందం వేసి రోడ్డు మీద వదిలేసిన గాడిదను వేగంగా వచ్చిన బండి తొక్కేసింది. గాడిదను అలా వదలడం యజమాని తప్పే అయినా, ప్రమాదాన్ని తప్పించే చివరి అవకాశం బండివాడి చేతిలో ఉందని, నష్టం అతడే భరించాలని కోర్టు చెప్పింది. అయితే ఈ సూత్రం కూడా భారమంతా ఒక్కరి నెత్తినే వేసింది. తప్పును పంచడం నేలమీద కంటే ముందు సముద్రం మీద మొదలైంది. ఓడలు ఢీకొంటే ఎవరి తప్పు మేరకు వారు నష్టం భరించాలని 1911లో బ్రిటన్ చట్టం చేసింది. అదే న్యాయం రోడ్డు మీద మనిషికి అందడానికి 1945 దాకా ఆగాల్సి వచ్చింది. బాధితుడి తప్పు ఎంతో అంత మేరకే పరిహారం తగ్గించాలని ఆ ఏడాది వచ్చిన చట్టం చెప్పింది. లక్ష రూపాయల నష్టంలో బాధితుడి తప్పు ముప్పై శాతమైతే డెబ్బై వేలు వస్తాయి. అంతకుముందు చేతికి వచ్చేది సున్నా.

మన దేశంలో అలాంటి చట్టం విడిగా రాలేదు. 1970ల నడుమ మధ్యప్రదేశ్ హైకోర్టు, న్యాయం, సమత, సదంతఃకరణ అనే కొలమానాలతో ఆ సూత్రాన్ని ఇక్కడా పాటించవచ్చని చెప్పింది. క్రమంగా అదే దేశమంతటా నిలిచింది.

ఈలోగా తగవు తీర్చే వేదిక కూడా మారింది. ఇతరుల తప్పిదం వల్ల మనిషి చనిపోతే కుటుంబం దావా వేసుకునే హక్కు 1855 చట్టంతోనే వచ్చింది. కానీ సివిల్ కోర్టుకెక్కితే కోర్టు ఫీజు కట్టాలి, ఏళ్లు ఆగాలి, గెలిచాక ఎదుటివాడి దగ్గర డబ్బు లేకపోతే డిక్రీ కాగితమే మిగులుతుంది. 1939 మోటారు వాహనాల చట్టం థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది. ఆ అధ్యాయం 1946 జూలై 1న అమల్లోకి వచ్చాక, పరిహారం చెల్లించే స్తోమత ఉన్న కంపెనీ బండి యజమాని వెనక నిలబడింది. 1956 సవరణతో ప్రమాద పరిహారానికి ప్రత్యేక ట్రిబ్యునళ్లకు దారి ఏర్పడింది. 1970 నుంచి ఆస్తి నష్టం కూడా వాటి పరిధిలోకి వచ్చింది. మన జిల్లాల్లో జిల్లా జడ్జిలే ట్రిబ్యునల్ బాధ్యత చూస్తారు. కోర్టు ఆవరణలో ‘ఎంవీఓపీ వేశాం’ అన్న మాట వినిపిస్తే, అది ఈ పరిహారం పిటిషనే.

ట్రిబ్యునల్ వచ్చినా నిర్లక్ష్యం రుజువు చేసే బరువు తగ్గలేదు. ప్రమాద స్థలంలో పోలీసులు రాసే పంచనామా, గీసే రఫ్ స్కెచ్, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ ఇచ్చే నివేదిక, ఛార్జిషీటు, కళ్లతో చూసినవారి మాట, ఇవే ఆధారాలు. స్కెచ్‌లో రోడ్డు వెడల్పు, టైర్ల గుర్తులు, పగిలిన అద్దాలు పడిన చోటు, బండ్లు ఆగిన తీరు ఉంటాయి. వాటిలో ఒక్క గీత తప్పు పడినా తీర్పు తారుమారయ్యే ప్రమాదం ఉంది.

సుప్రీంకోర్టు ఈ బరువును మెల్లమెల్లగా దించింది. కారు పూర్తిగా రోడ్డు కుడిపక్కకు పోయి చెట్టును గుద్దిన కేసులో, జరిగిన తీరే నిర్లక్ష్యాన్ని చెబుతోందని, కాదని నిరూపించుకోవాల్సింది ఎదుటి పక్షమని 1977లో చెప్పింది. క్రిమినల్ కేసులో డ్రైవరు నిర్దోషిగా బయటపడినంత మాత్రాన పరిహారం ఆగదని 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ స్పష్టం చేశారు. జైలుకు పంపాలంటే సందేహానికి తావు ఉండకూడదు. పరిహారానికి మాత్రం ఎవరి వాదన ఎక్కువ నమ్మదగ్గదిగా ఉందో చూస్తే చాలు.

ఎదురెదురుగా ఢీకొన్న కేసులు కోర్టులను మరింత ఇబ్బంది పెట్టాయి. బస్సూ కారూ అలా గుద్దుకున్న కేసులో ఇద్దరు డ్రైవర్లదీ చెరిసగం తప్పని 2006లో సుప్రీంకోర్టు భావించింది. 2013లో వచ్చిన మరో తీర్పు జాగ్రత్త చెప్పింది. ఢీకొన్న తర్వాత బండ్లు నిలిచిన తీరును మాత్రమే చూసి చనిపోయిన డ్రైవరు మీద తప్పు మోపకూడదంది. దెబ్బ ఊపుకు బండి తిరిగిపోతుంది, పక్కకు జరిగిపోతుంది. అది ఆగిన చోటు దాని దారిని చెప్పదు. పైగా చనిపోయినవాడు వచ్చి తన వైపు మాట చెప్పలేడు. అందుకే ఈ తీర్పు నాకు విలువైనదిగా కనిపిస్తుంది.

2008లో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ కక్షిదారుగా ఉన్న కేసులో సుప్రీంకోర్టు మరో చిక్కు విప్పింది. తన దెబ్బకు తానూ కొంత కారణమైతే అది బాధితుడి వంతు నిర్లక్ష్యం, పరిహారం ఆ మేరకు తగ్గుతుంది. బాధితుడి తప్పేమీ లేకుండా ఇద్దరు డ్రైవర్ల తప్పు కలిసి అతణ్ని దెబ్బతీస్తే అది ఉమ్మడి నిర్లక్ష్యం, పరిహారం తగ్గదు. ఆటో, లారీ గుద్దుకుని ఆటోలో వెళ్తున్న మనిషి గాయపడి, పరిహారం పది లక్షలని తేలితే, ఆ మొత్తాన్నీ ఆటో వైపు నుంచైనా, లారీ వైపు నుంచైనా అడగవచ్చు. వాళ్లిద్దరి పంపకం తర్వాత వాళ్లే చూసుకోవాలని 2015లో కోర్టు మరింత గట్టిగా చెప్పింది. డ్రైవర్ల వాదులాట తేలేదాకా గాయపడినవాడు ఆసుపత్రి బిల్లు పట్టుకుని కూర్చోనక్కర్లేదు.

2024 సెప్టెంబరులో ఇదే దారి మరికాస్త ముందుకు సాగింది. హైవే మధ్యలో లైట్లు లేకుండా, హెచ్చరిక లేకుండా ఆపిన లారీని కారు గుద్దింది. కారు డ్రైవరుదీ సగం తప్పన్న కింది కోర్టుల మాటను సుప్రీంకోర్టు కొట్టేసింది. డ్రైవరు తప్పును కారులో ఉన్న ప్రయాణికుల ఖాతాలో వేయకూడదని కూడా చెప్పింది. చీకట్లో దారిలో నిలిపిన లారీలను తప్పించుకుంటూ వెళ్లే మన హైవేల ప్రయాణికుడికి ఈ తీర్పు విలువ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు.

మరోపక్క చట్టం, తప్పు రుజువు కాకపోయినా ఎంతో కొంత ఇవ్వాలన్న ఆలోచన పట్టుకుంది. 1982లో మరణానికి 15,000, శాశ్వత వైకల్యానికి 7,500 రూపాయలతో అది మొదలైంది. 1988 చట్టం వాటిని 25,000, 12,000కు పెంచింది. 2019 సవరణతో మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు అయింది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను, 90 రోజుల్లో సమగ్ర నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. ఇవి కాగితం మీదే ఉండిపోకూడదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో ఆదేశాలిచ్చింది.

ఇంత చరిత్రలో ఒక మూల మాత్రం చీకటిగానే మిగిలింది. మనిషికి దెబ్బ తగలకుండా బండికే సొట్ట పడితే ఏం జరుగుతోంది? 1988 చట్టం ఆస్తి నష్టానికి బీమా కంపెనీ తప్పనిసరిగా భరించాల్సిన హద్దును 6,000 రూపాయల దగ్గరే ఉంచింది. తర్వాత పాలసీలు కార్ల విషయంలో దాన్ని 7.5 లక్షల దాకా పెంచాయి. అయినా బంపరు ఖర్చు కోసం ట్రిబ్యునల్ మెట్లెక్కేవారు అరుదు. తప్పెవరిదైనా ఎవరి కారుకు వారి కంపెనీయే చెల్లించుకునే పద్ధతి బీమా రంగంలో ఉంది. ‘నాక్ ఫర్ నాక్’ అని దానికి పేరు. పని త్వరగా అవుతుంది, నిజమే. కానీ తప్పు చేయనివాడి నో క్లెయిమ్ బోనస్ పోతుంది. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్నవాడికి తన కంపెనీ నుంచి ఏమీ రాదు. అతని కేసు రోడ్డు పక్కన గొంతు పెద్దదైనవాడి మాటతోనో, చేతిలో పెట్టిన నోట్లతోనో ముగిసిపోతుంది.

శాతాలు లెక్కగట్టే స్థాయికి న్యాయం ఎదిగింది. కానీ ఆ లెక్కకు కావలసిన ఆధారాలు మన రోడ్ల మీద పావుగంటలో చెరిగిపోతున్నాయి. గాయాలు లేని ఢీలకూ సులువైన నమోదు పద్ధతి, బీమా కంపెనీలు కట్టుబడే చిన్న మధ్యవర్తిత్వ వేదిక ప్రభుత్వాలు ఏర్పాటు చేయాలి. అవి వచ్చేదాకా డ్రైవరు చేయాల్సింది డ్రైవరే చేసుకోవాలి. ముందు గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చండి. బండ్లు కదలకముందే, వీలైతే నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. ఎదుటి బండి నంబరు, పాలసీ వివరాలు, చూసినవారి ఫోను నంబరు రాసుకోండి. ఎవరికైనా దెబ్బ తగిలితే 24 గంటల్లో పోలీసులకు తెలపడం చట్టం చెప్పిన బాధ్యత. బీమా కంపెనీకీ రాతపూర్వకంగా తెలియజేయండి. పరిహారం పిటిషనుకు 2019 సవరణ ఆరు నెలల గడువు పెట్టిందని మరవకండి. రోడ్డు మీద అరిచి గెలిచిన వాదన కోర్టులో నిలబడదు, ఆధారమే నిలబడుతుంది.