బ్యాటరీ కావలి

గోలకొండ కోటకు చేరువనే, కుతుబ్‌షాహీల నాటి సరాయిని నేటికిని నిలుపుకొనియున్న షేక్‌పేటకు పైనున్న రాతిగుట్టలమీద జూబ్లీహిల్స్, ఫిలింనగర్ వెలసి, మద్రాసునుండి తరలివచ్చిన తెలుగు చలనచిత్ర పరిశ్రమ అచట వేరూనిన కథ పలువురు చెప్పినదే. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణా స్టూడియోను నెలకొల్పుటయు, తరువాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వెలయుటయు అందరెరిగినవే. కాని ఆ పరిశ్రమ వెంట వచ్చి, తెరమీది పేర్ల పట్టికలో ఎన్నడును కానరాక, దాని నిత్యకృత్యములో భాగమై వర్ధిల్లిన చిన్న విద్య యొకటి కలదు. అది బ్యాటరీని చెడకుండ నింపు విద్య. నేడు సౌరఫలకమునకును బ్యాటరీకిని నడుమ అరచేతియంత డబ్బీలో ఒదిగియున్నది ఆ విద్యయే కనుక, దాని పూర్వకథ తెలిసికొనదగినది.

ఆరిఫ్లెక్స్ కెమెరాతో ఆరుబయట చిత్రీకరణ సాగిన దినములలో, దాని మోటారును త్రిప్పునది బ్యాటరీయే. సెకనుకు 24 చట్రములు నడువవలెను. బ్యాటరీ నీరసించినచో మోటారు మందగించి చట్రములు తగ్గును. అట్లు తీసిన దృశ్యము తెరమీదికి వచ్చునప్పటికి పాత్రలు అసహజమైన తొందరతో పరుగులిడుచున్నట్లగపడును. అందుచేత కెమెరా అసిస్టెంటు టాకోమీటరు ముల్లుపై ఒక కన్నుంచియే పనిచేసెడివాడు. ప్యాకప్ అయిన పిమ్మట నటీనటులు ఇండ్లకు మరలినను వాని పని ముగిసెడిదికాదు; బ్యాటరీలను చార్జింగుకు పెట్టి, నిండినవి ఎరిగి, సకాలమున తీగ తీయవలెను. తీయుట మరచినచో లోపలి నీరు వాయువులుగా విడిపోయి తరిగి పలకలు చెడును. తగినంత నింపకున్నచో మరునాటి షాట్ చెడును.

సినిమావారికంటె ముందే ఈ మెలకువ బజారులోని బ్యాటరీ దుకాణముల సొత్తు. ఫ్రాన్సుదేశీయుడు గాస్టన్ ప్లాంటే 1859లో సీసపు పలకలను గంధకామ్లమునందు ముంచి, మరల మరల నింపుకొనదగిన బ్యాటరీని నిర్మించెను. కరెంటు చేరని పల్లెలలో వాల్వు రేడియో వినగోరువారు తడి బ్యాటరీని పట్టణమునకు మోసికొనిపోయి, చార్జింగు దుకాణమున ఒప్పగించి, నిండిన తరువాత తెచ్చుకొనుచుండిరి. ఆ దుకాణదారు చేతి పనిముట్టు హైడ్రోమీటరు: కొనకు రబ్బరుబుడ్డి గల గాజుగొట్టము, దానిలో తేలియాడు గాజుపుల్ల. ఒక్కొక్క సెల్ మూత విప్పి, బుడ్డి నొక్కి వదలి యాసిడ్‌ను పీల్చి, కంటికెదురుగా నిలిపి చూచెడివాడు. యాసిడ్ సాంద్రతను చూపు అంకె 1250 దగ్గర నున్నచో నిండినట్లు, 1150కి దిగినచో ఒట్టిపోయినట్లు. ఆరు సెల్‌లలో ఒక్కటి మాత్రము వెనుకబడినచో, పెదవి విరిచి, సెల్ పోయినదని చెప్పెడివాడు. అంచెలంచెలుగా కరెంటు తగ్గించుచు, బుడగలు లేచు తీరునుబట్టి చాలించవలసిన వేళ నెరుగుట అతనికి అనుభవముచే అబ్బిన శాస్త్రము. ఆ శాస్త్రమును పుస్తకమున కెక్కించి గౌరవించినవారు మనలో తక్కువ. నా మనస్సున కిది లోటుగనే తోచును.

1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు సిలికాన్ సౌరఘటమును లోకమునకు చూపిరి. మరుసటి యేడే జార్జియా రాష్ట్రములోని అమెరికస్ అను ఊర పల్లె టెలిఫోను తీగకు సౌరఫలకమును అమర్చి, పగలు నింపిన బ్యాటరీతో రాత్రి నడపిరి. అనగా ఫలకము పుట్టిన మరుక్షణమే బ్యాటరీ కావలి సమస్యయు పుట్టినదన్నమాట. మన దేశమున 1982లో సంప్రదాయేతర ఇంధన శాఖ ఏర్పడి, 1992లో అది ప్రత్యేక మంత్రిత్వ శాఖయైనది. తెలుగునాట రాష్ట్ర ప్రభుత్వ సంస్థయైన నెడ్‌క్యాప్ ద్వారా సౌరదీపములు ఊళ్ళకు చేరెను. 10 వాట్ల ఫలకము, 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీ గల లాంతరు, 37 వాట్ల ఫలకము, 40 ఆంపియర్-అవర్ల బ్యాటరీ గల ఇంటిదీపము ఆనాటి ప్రభుత్వ పథకములలో ప్రసిద్ధములు.

ఇట కష్టమెచట నున్నదనగా, 12 వోల్టుల బ్యాటరీ కొరకు చేసిన 36 ఘటముల ఫలకము, తీగ విప్పి ఎండలో నుంచినచో, 20 వోల్టులు దాటి చూపును, బ్యాటరీయో 14.4 దగ్గరకు వచ్చుసరికి బుడగలు విడువ నారంభించును. తెలంగాణ పల్లెలలో చెరువు తూముకడ నిలిచి, ఏ మడికి ఎంత పారవలెనో అంత పారించి కట్టివేయు నీరటివంటివాడు ఒకడు నడుమ నుండక తప్పదు. ఫలకమునందు ఘటములనే తగ్గించి 30, 32 చేసినచో కావలి యక్కరలేదని కొందరు తలంచిరి. చల్లని సీమలలో ఆ యుక్తి కొంత నెగ్గినను, దక్కను ఎండకు కాగిన ఫలకము వోల్టేజి పడిపోవుటచే బ్యాటరీ ఎన్నడును నిండక, పలకలపై సల్ఫేటు పేరుకొని చచ్చెడిది. తరువాత షంట్ పద్ధతి వచ్చెను: బ్యాటరీ నిండగనే ఫలకము రెండు కొసలను కలిపివేయుట. మామూలు కరెంటు తీగల నట్లు కలిపిన నిప్పురవ్వలు లేచును గాని, సౌరఫలకమున కందువలన హాని లేదు. రిలేతో టక్కున తెంచి, వోల్టేజి దిగిన తరువాత మరల కలుపు పద్ధతియు వాడుకలోనికి వచ్చెను. అటుపై సెకనుకు అనేక పర్యాయములు తెరచి మూయు పి.డబ్ల్యు.ఎం. పద్ధతి వచ్చి, చివరి పాలును మెల్లమెల్లగా పోసి బ్యాటరీని సంపూర్ణముగా నింపనేర్చెను. రాత్రివేళ బ్యాటరీ శక్తి ఫలకములోనికి తిరిగి పారకుండ డయోడు, 11 వోల్టుల చేరువకు దిగినప్పుడు దీపము నార్పు స్విచ్చి, వేసవిలో నింపు వోల్టేజి హద్దును కొంత దించు ఉష్ణమాపకము కూడ అదే డబ్బీలో చేరినవి. దుకాణదారుని కన్ను, చెవి, జ్ఞాపకము ఇట్లు తీగలలోనికి మారినవి.

అయినను డబ్బీ వచ్చినంత మాత్రమున మెలకువ రాలేదు. పరీక్షలకు చదువుకొను పిల్లల ఎదుట దీపమారిపోగా, తండ్రి లేచి డబ్బీని తప్పించి తీగను నేరుగా బ్యాటరీకి తగిలించుట పలుచోట్ల జరిగినది. నేనాయనను తప్పుపట్టజాలను. ఆ యార్పు రేపటి వెలుగు కొరకే యని అతనికి చెప్పవలసినవారు చెప్పియుండలేదు. దీపములు పంచినంత శ్రద్ధతో ఆ మాటను పంచియుండినచో, ఎన్ని బ్యాటరీలు నిండు ఆయుష్షు జీవించియుండెడివో!

ఇప్పుడు షేక్‌పేట పరిసరములలోని మేడలమీద కనబడు పెద్ద ఫలకములలో అనేకము నేరుగా విద్యుత్ లైనుకే కలియుచున్నవి. వానికి బ్యాటరీయే లేదు. బ్యాటరీ గల పెద్ద అమరికలలో ఎం.పి.పి.టి. కంట్రోలరు ఫలకమునుండి సాధ్యమైనంత శక్తిని రాబట్టును గాని, 10, 20 వాట్ల చిన్న ఫలకమునకు దాని వెల గిట్టదు. అట పాత పి.డబ్ల్యు.ఎం. డబ్బీయే చాలును. ఔట్‌డోర్ యూనిట్ల డిజిటల్ కెమెరాలకు లిథియం బ్యాటరీలు వచ్చినవి. వీనియందు ప్రతి సెల్‌ను విడివిడిగా కనిపెట్టు సర్క్యూటు బ్యాటరీలోపలనే కూర్చబడి యుండుటచే, కావలివాడు బయటినుండి లోనికి మారినాడు. హైడ్రోమీటరు మాత్రము ఇన్వర్టర్ బ్యాటరీలు బాగుచేయు దుకాణములలో ఇంకను పనిచేయుచున్నది. డిస్టిల్డ్ వాటర్ పోయుటకు మూత తీసిన మెకానిక్ నేటికిని మొదట ఆ గాజుపుల్లనే చూచును.