శుభ్రం చేసిందెవరు?

‘శుభ్రం చేసిన రొయ్యలు పావు కిలో’ – పత్రికల వంటల శీర్షికల్లో రొయ్యల కూర ఎక్కువగా ఇలాగే మొదలవుతుంది. సాహిత్యం చదువుకున్నదాన్ని కనుక నా చూపు ఆ ‘చేసిన’ దగ్గర ఆగిపోతుంది. క్రియ ఉంది, కర్త లేదు. రొయ్యల రుచి సగం తేలిపోయేది ఆ కర్త లేని పనిలోనే.

జమ్మికుంటకి సముద్రం దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరం. అయినా ఇక్కడి వంటిళ్ళకి రొయ్య కొత్త కాదు. మంచుపెట్టెలు లేని కాలంలో అంత దూరం చెడకుండా రాగలిగింది ఎండు రొయ్యే. 1929లో పూర్తయిన కాజీపేట–బల్లార్షా రైలుమార్గం మీద ఉన్న ఈ ఊరు పత్తి మార్కెట్‌గా పేరు పొందింది. ఊరి చరిత్రలో పత్తికి చోటుంది. అంగడిలో కుప్పలు పోసి అమ్మే ఎండు రొయ్యలకి లేదు. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల మాటల్నే చరిత్రగా నిలబెట్టింది స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ (1986). వంటింటి చరిత్రనీ అలా ఆడవాళ్ళని అడిగే తెలుసుకోవాలి.

ఎండు రొయ్యల్ని ముందు వట్టి మూకుట్లో కరకరలాడేలా వేయించాలి. చేత్తో నలిపితే తలలు, కాళ్ళు రాలతాయి. చాటలో చెరగాలి. ఒడ్డున ఇసుకలో ఎండినవి కనుక వేడినీళ్ళలో రెండు మూడుసార్లు కడగాలి. ఇదంతా అయ్యాకే పుంటికూరలోనో, చింతచిగురులోనో, ఆనిగెపుకాయలోనో వెయ్యడం. పిడికెడు రొయ్యలు కుండెడు కూరకి రుచినిస్తాయి. కూలి డబ్బులతో ఇల్లు నడిపే ఆడవాళ్ళ లెక్క ఇది. ఆ వాసననే ‘నీసు’ అని ముక్కు మూసుకుని, అద్దెకి ఇల్లు ఇవ్వనివాళ్ళ లెక్క వేరు. అది కులం లెక్క.

2017 నుంచి తెలంగాణ ప్రభుత్వం కొన్ని జలాశయాల్లో మంచినీటి రొయ్యపిల్లల్ని వదలడం మొదలుపెట్టింది. పచ్చి రొయ్య దగ్గరికొచ్చింది, దానితోపాటు ఇంకో పనీ వచ్చింది. తల తుంచి, పెంకు ఒలిచి, వీపు చీల్చి నల్లటి పేగు లాగెయ్యాలి. కిలో తెస్తే మిగిలేది సుమారు సగం. ఉప్పు, పసుపు పట్టించి సన్నని సెగ మీద పెడితే వాటి నీరే ఊరుతుంది. అది ఇగిరి, రొయ్య ఎర్రబారి వంకర తిరగగానే దించాలి. ఉల్లిగడ్డ, అల్లం, ఎల్లిగడ్డ, కారం విడిగా నూనెలో మగ్గాక రొయ్యలు కలిపి రెండు నిమిషాలుంచితే చాలు. ఎక్కువ ఉడికితే రబ్బరే. పొయ్యి మీద పని పావుగంట, ఒలిచే పని గంట. మెచ్చుకోలు మాత్రం ఆ పావుగంటకే.

ఈ గంట పని ఇంటి దగ్గరే ఆగలేదు. 1990లలో కోస్తాంధ్రలో ఎగుమతి కోసం రొయ్యల సాగు పెరిగింది. 2009లో వనామీ రకానికి అనుమతి దొరికాక ఇంకా విస్తరించింది. శుద్ధి కర్మాగారాల్లో తలలు తీసి పెంకు ఒలిచేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. మంచునీళ్ళలో గంటల తరబడి చేతులు నానే పని. దాన్ని నైపుణ్యంగా లెక్కించరెందుకు? ‘ఇంట్లో చేసేదేగా’ అంటారు. ఇంట్లో జీతం లేని పని గనుక బయట దాని కూలి తక్కువ. బయట కూలి తక్కువ గనుక ఇంట్లో అది పనే కాదు. ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి నిలబెడుతున్నాయి.

అందుకే రొయ్యల వంట రాసేటప్పుడు ఒలవడం నుంచే మొదలుపెట్టమంటాను. ఎంతసేపు పడుతుందో కూడా రాయాలి. ఆ గంట కాగితం మీదికొస్తే, తినేవాళ్ళలో ఎవరెవరు ఒలవడానికి కూర్చోవాలో అడగొచ్చు.