హైదరాబాదు పేరు, అమెరికా ఇంజను: 110వ స్క్వాడ్రన్ విమానాల్లో యుద్ధకాలపు ఉపాయం

వికారాబాదు, తాండూరు మీదుగా వాడి జంక్షన్‌కు వెళ్లే రైలుమార్గం 1874లో మొదలైంది. నిజాం సంస్థానాన్ని బొంబాయి వైపు కలిపిన దారి అది. నాలుగు దశాబ్దాలు దాటాక, మొదటి ప్రపంచ యుద్ధంలో, అదే సంస్థానం పేరు యుద్ధవిమానాల మీదికెక్కింది. బ్రిటిష్ వైమానిక దళం (ఆర్‌ఏఎఫ్)లోని 110వ స్క్వాడ్రన్‌కు తొలి డీహెచ్-9ఎ బాంబరు విమానాలు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కానుకగా వచ్చాయి. ప్రతి విమానం మీదా ఆ సంగతి రాశారు. దళానికి ‘హైదరాబాదు స్క్వాడ్రన్’ అన్న పేరు స్థిరపడింది.

ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనం దాత ఔదార్యం దగ్గరే ఆగిపోతాం. ఆ విమానం పుట్టుక చూస్తే మరో చరిత్ర బయటపడుతుంది. అనుకున్నది దొరకనప్పుడు అందినదానితో పని నెగ్గించుకున్న ఇంజనీర్లు, మెకానిక్కుల చరిత్ర అది.

కథ ఒక వైఫల్యంతో మొదలైంది. డీహెచ్-9 బాంబరుకు అమర్చిన పూమా ఇంజను 300 హార్స్‌పవర్ ఇస్తుందని ఆశపడ్డారు. తీరా నమ్మకంగా అందింది 230. పాత డీహెచ్-4ను తప్పించి రావలసిన కొత్త విమానం దానికంటే వెనకబడింది. రోల్స్‌రాయిస్ ఈగిల్ ఇంజన్లు పెడదామంటే అవి అవసరానికి సరిపడా లేవు. అప్పుడు అమెరికా లిబర్టీ ఇంజను అక్కరకొచ్చింది. 1917లో ఇంజనీర్లు జెస్సీ విన్సెంట్, ఇ.జె. హాల్ వాషింగ్టన్ హోటల్ గదిలో కూర్చుని, కొద్ది రోజుల్లోనే దాని తొలి నమూనా గీశారు. 12 సిలిండర్లు, 400 హార్స్‌పవర్.

బరువైన ఇంజను పెట్టాక మిగతా విమానం ఉన్నట్టు ఉండదు. పొట్టకింది రేడియేటరు ముక్కు ముందుకు వచ్చింది. రెక్కల నిడివి 42 అడుగుల నుంచి దాదాపు 46 అడుగులకు పెరిగింది. చట్రాన్ని గట్టిపరిచారు. అసలు తయారీదారు ఎయిర్‌కో వేరే విమానం పనిలో మునిగి ఉండటంతో ఈ మార్పుల భారం యోవిల్ పట్టణంలోని వెస్ట్‌లాండ్ కంపెనీ తలకెత్తుకుంది. అలా పుట్టిన డీహెచ్-9ఎ అందరికంటే ముందు 1918లో హైదరాబాదు స్క్వాడ్రన్‌కే అందింది.

ఆ సెప్టెంబరులో దళం ఫ్రాన్స్ నుంచి జర్మన్ లక్ష్యాల మీద పగటి దాడులు మొదలుపెట్టింది. యుద్ధం ముగిసేలోగా శత్రువు చేతిలో 17 విమానాలు పోయాయి. ప్రమాదాల్లో అంతకంటే ఎక్కువే ధ్వంసమయ్యాయి. నేలమీది సిబ్బంది మీద ఎంత ఒత్తిడి ఉండేదో ఈ రెండో లెక్కే చెబుతుంది. మాగ్నెటో పరికరంతో రవ్వ పుట్టించడానికి అలవాటుపడిన చేతులు, బ్యాటరీతో నిప్పురవ్వ పుట్టించే లిబర్టీని యుద్ధం మధ్యలోనే నేర్చుకోవాల్సి వచ్చింది.

ఆ విమానాల్లో ఒకటి మిగిలింది. ఎఫ్1010 సంఖ్య గల ‘హైదరాబాద్ నెం. 12ఎ’ 1918 అక్టోబరు 5న జర్మన్ల చేతికి చిక్కి బెర్లిన్ మ్యూజియం చేరింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పోలండ్‌లోని క్రాకోలో తేలింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ను ఇచ్చి బ్రిటన్ దాన్ని తెచ్చుకుంది. అప్పటికే పోయిన రెక్కలను కొత్తగా తయారుచేయించారు. లండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఉన్న ఆ విమానం మీద నిజాం కానుక అన్న అక్షరాలు కనిపిస్తాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇదే దళం మనదేశానికి వచ్చి, చివరికి కొయ్యతో చేసిన మస్కిటో విమానాలు నడిపింది. 1944 చివర భారతదేశంలోని మస్కిటోల రెక్కల అతుకులు విడిపోతున్నాయన్న అనుమానంతో వాటిని నేలమీదే ఆపేశారు. ఎండను, తేమను, జిగురును, తయారీ లోపాలను పరీక్షించి, అతుకు వెంట ప్లైవుడ్ పట్టీ అంటించి మూసే పద్ధతి తెచ్చారు.

వికారాబాదు, తాండూరు కళాశాలల్లో సంస్థాన చరిత్ర బోధించేవారికి ఒక విన్నపం. హైదరాబాదు స్క్వాడ్రన్ గురించి చెప్పేటప్పుడు కానుక ఇచ్చిన ప్రభువుతో పాటు ఆ ఇంజను మార్పిడినీ, రెక్కల మరమ్మతునూ పాఠంలో చేర్చండి. యుద్ధచరిత్రలో పనివారికి దక్కవలసిన చోటు అది.