చదరంగపు గడులలోని సంఖ్య

చదరంగమును కనిపెట్టిన వాని కథ తెలుగువారికి క్రొత్తది కాదు. బహుమానము కోరుకొమ్మన్న రాజుతో అతడు మొదటి గడికి ఒక గింజ, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు, ఇట్లు 64 గడులకును రెట్టించి ఇప్పింపుమనెను. రాజు నవ్వి సరేయనెను. కొట్లన్నియు ఊడ్చినను బాకీ తీరలేదు. ఇది కథయే కావచ్చును. కాని ఇందలి సంఖ్య కట్టుకథ కాదు. అది 1,84,46,74,40,73,70,95,51,615. గింజ బరువు 25 మిల్లీగ్రాములనుకొన్నచో ఆ రాశి సుమారు 46,000 కోట్ల టన్నులగును.

దీనిని సాధించుటకు 64 గడులను వరుసగా కూడ నక్కరలేదు. మొదటి మూడు గడుల మొత్తము 7. నాలుగవ గడిలోనివి 8. ఏ గడి వరకు కూడినను మొత్తము తరువాతి గడికంటె ఒకటి తక్కువ. కావున లేని 65వ గడి విలువ తెలిసిన చాలును. రెంటిని వర్గము చేసి, వచ్చినదానిని మరల వర్గము చేయుచు పోయిన 4, 16, 256, 65,536 వచ్చును; ఆరవ వర్గమే ఆ విలువ. అందుండి ఒకటి తీసివేయవలెను. క్రీ.శ. 1000 ప్రాంతమున అల్ బిరూనీ ఈ సంఖ్యను తన గ్రంథమున సాధించి చూపెను.

తెలుగున ఈ సంఖ్యను నిలిపిన పద్యము పావులూరి మల్లనదిగా ప్రసిద్ధము. 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును తెలుగు చేసినవాడు మల్లన. ఆ చంపకమాలలో అంకెలు లేవు, మాటలే కలవు. చంద్రుడనిన 1, వేదమనిన 4, శరమనిన 5, గగనమనిన సున్న. ఒకట్ల స్థానము మొదలుకొని ఎడమకు వ్రాసికొనుచు పోయిన 20 అంకెలును తప్పక వచ్చును. వ్రాయసగాని చేతిలో అంకె మారిన కనిపెట్టుట కష్టము. పద్యమున మాట మారిన గణమో ప్రాసయో చెడి తప్పు బయటపడును. నాలుగు అంకె వచ్చినచోట్ల కవి అబ్ధి, వేదము, పయోనిధి, బ్రహ్మముఖము అని పేర్లు మార్చి ఛందస్సును నడపెను.

ఈ సంఖ్య లోపలి నిర్మాణము తరువాత ఐరోపాలో తేటపడెను. ఇది 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 అను ఆరు సంఖ్యల గుణలబ్ధము. ఫ్రాన్సులో టులూజు నగర న్యాయస్థానమున ఉద్యోగియై, తీరికవేళల గణితము సాగించిన ఫెర్మా, ఇట్టి సంఖ్యలన్నియు అవిభాజ్యములని 1640 నాటి లేఖలలో తన విశ్వాసమును తెలిపెను. మొదటి అయిదును అట్టివే. ఆరవదానిని 641 నిశ్శేషముగా భాగించునని 1732లో ఆయిలరు చూపెను, లబ్ధము 67,00,417. అంతటి పండితుని నమ్మకము ఒక్క భాగహారముతో తొలగిపోయెను.

నేటి కంప్యూటరు 64 ద్వియాంశ స్థానములలో నిలుపగల ధనపూర్ణాంకములలో గరిష్ఠమైనదియు ఇదియే. రాజు ఊహకందని రాశిని అసంఖ్యాకమని వదలివేయక, చివరి 5 వరకు లెక్కించి, కంఠస్థము చేయదగిన నాలుగు పాదములలో భద్రపరచిన ఘనత తెలుగు పద్యమునకు కలదు. ఆ సంకేతములు నేర్చిన బాలుడు నేడును కాగితముపై దానిని తప్పులేకుండ వ్రాయగలడు.