దానియేలు గ్రంథములోని అధిపతులు – మన ఫణిగిరి

ఫణిగిరి బౌద్ధుల గుట్ట, మనకేమి పని యని కొందరందురు. పని కలదు.

దర్యావేషు 120 మంది అధిపతులను నియమించెనని దానియేలు 6వ అధ్యాయములో చదువుచున్నాము. ‘అధిపతి’ అన్నచోట మూలములో నున్నది పారసీకుల బిరుదు. రాజ్యరక్షకుడని దాని అర్థము. యెరూషలేము దేవాలయము తిరిగి కట్టనిచ్చిన దర్యావేషు (క్రీ.పూ. 522–486) బెహిస్తూను కొండపై చెక్కించిన శాసనములోను ఆ బిరుదే కలదు.

క్రీ.పూ. 330లో పారసీక సామ్రాజ్యము కూలినను బిరుదు మిగిలెను. శకులు దానిని మన దేశమునకు తెచ్చి, పశ్చిమ భారతమున క్షత్రపులు, మహాక్షత్రపులు అనిపించుకొనిరి.

క్రీ.శ. 3వ శతాబ్దిలో నాగార్జునకొండ నేలిన ఇక్ష్వాకు రాజు ఎహువుల చాంతమూలుని భార్య వర్మభట. ఆమె కుమారుడు రుద్రపురుషదత్తుని 11వ పాలనా సంవత్సరములో నిలిపిన స్మారక స్తంభము ఆమెను మహాక్షత్రపుని కుమార్తె యనుచున్నది. అదే రాజు 18వ పాలనా సంవత్సరపు శాసనము సూర్యాపేట దాపున ఫణిగిరిలో దొరికినది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వారమైన మనము పారసీక దేశమును బైబిలు వెనుకనుండు పటములోనే వెదకుదుము. దాని బిరుదు ఒక కోడలి వెంట మన సీమకే వచ్చినది. మన సండేస్కూలు పిల్లలకు ఆ గుట్టను ఒకమారు చూపుదము.