ఆరామం నుంచి తోట దాకా: ముక్తేశ్వరం నేపథ్యంలో కోనసీమ ఉమ్మడి నీడ

కోనసీమ పచ్చదనాన్ని వర్ణించినవారు ఎందరో ఉన్నారు. ఆ పచ్చదనం ఎవరిది అన్న ప్రశ్న మాత్రం అంతగా చర్చకు రాలేదు. గౌతమి కుడిగట్టున, కోటిపల్లికి ఎదురుగా ఉన్న ముక్తేశ్వరం ఈ ప్రశ్నను పరిశీలించడానికి అనువైన చోటు. రేవు దిగి అయినవిల్లి వైపు సాగే బాటసారికి ఎటు చూసినా కొబ్బరి చెట్లే. ఆ పచ్చదనాన్ని దారిలో నిలబడి చూడవచ్చు. లోపలికి వెళ్లి కాసేపు మౌనంగా కూర్చోవాలంటే అది పరాయివారి భూమి. దానికి హద్దు ఉంది, యజమాని ఉన్నాడు, దింపు లెక్క ఉంది. నలుగురూ కూర్చుని మనసు కుదుటపరచుకునే పచ్చని తావు అనే భావన తెలుగు సమాజానికి కొత్తది కాదు. అది ఎలా ఏర్పడింది, ఎక్కడ సన్నగిల్లింది అన్నదే ఈ వ్యాస విషయం.

పదాల నుంచి మొదలుపెట్టడం సమంజసం. తోట అనగానే ఫలసాయం స్ఫురిస్తుంది. తోపు అంటే చెట్ల గుంపు. ఉద్యానం రాజప్రాసాదానికి అనుబంధం. ఆరామం మాత్రం వీటికి భిన్నమైనది. ఆగడం, సేదతీరడం అనే అర్థాలు దాని ధాతువులోనే ఉన్నాయి. బౌద్ధ వాఙ్మయంలో ఆరామం మొదట భిక్షువులకు దానమిచ్చిన వనం. తరువాత ఆ వనంలో వెలసిన విహారానికీ అదే పేరు స్థిరపడింది. అంటే కట్టడం కన్నా చెట్లే ముందు. పంచారామాలలో నాలుగు గోదావరి మండలంలోనే ఉండటం, వాటిలో ద్రాక్షారామం కోటిపల్లికి చేరువలోనే ఉండటం ఇక్కడ గమనార్హం. భీమేశ్వర పురాణంలో శ్రీనాథుడు ఆ క్షేత్రాన్ని దక్షవాటి అని కూడా వ్యవహరించాడు. వాటి అన్నా తోటకు పేరే. ఆరామ శబ్దాన్ని బట్టి ఈ క్షేత్రాలన్నిటికీ బౌద్ధమూలాన్ని ఊహించడం తొందరపాటు. అయితే కోనసీమలోనే ఆదుర్రు స్తూపం ఉన్నందున, ఆరామమనే భావన ఈ నేలకు పరాయిది కాదని చెప్పడానికి అభ్యంతరం ఉండదు. బాటసారులకూ పశువులకూ చెట్లు నాటించి, బావులు తవ్వించినట్లు చెప్పే అశోకుని రెండవ శిలాశాసనం తెలుగునాట ఎర్రగుడిలో ఉన్నది.

ఈ భావన తరువాతి కాలంలో సప్తసంతానాల రూపంలో కొనసాగింది. తటాకం, నిక్షేపం, అగ్రహారం, దేవాలయం, వనం, కృతి, పుత్రుడు అనే ఏడింటిలో వనానికి చోటు దక్కడం చిన్న విషయం కాదు. నాటినవాడు పోయిన తరువాత కూడా ఇతరులకు నీడనిచ్చేది కనుకనే అది సంతానమైంది. కాని మనుచరిత్ర అవతారికలో రాయలు పెద్దనతో ఏడింటిలో చెడకుండా నిలిచేది కృతి ఒక్కటే అంటాడు. కవులకు ప్రీతిపాత్రమైన ఆ మాటకు మరో పార్శ్వం ఉంది: వనం చెడిపోయేదని ప్రభువే ఒప్పుకుంటున్నాడు. చెరువుకు పూడిక తీయవలసినట్లే వనానికీ కాపు కావాలి. నాటినవాడి పుణ్యం చెట్టుకు నీరు పోయదు. ఇక ప్రబంధంలోని ఉద్యానం అష్టాదశ వర్ణనలలో ఒకటిగా, ప్రధానంగా నాయికానాయకుల విహారస్థలంగా మిగిలింది. సామాన్యుడు అలసి వచ్చి కూర్చునే నీడకు వర్ణనల పట్టికలో చోటు లేదు.

కోనసీమలో వనాన్ని తోట మింగిన తీరుకు ఆర్థిక కారణం స్పష్టమే. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని వెంట వచ్చిన కాలువలు ఇక్కడి నేల విలువను మార్చివేశాయి. సెంటు నేల కూడా ఆదాయమిచ్చేదయ్యాక నీడ కోసం మాత్రమే నేల విడవడం ఖరీదైన వ్యవహారం. పైగా కొబ్బరి నీడ పలుచన. ఆ పలుచదనం రైతుకు లాభం: కింద అరటి, కోకో, కంద పండుతాయి. కూర్చునేవాడికి మాత్రం అది నీడా కాదు, నిశ్చింతా కాదు. కాయ ఎప్పుడు రాలుతుందో తెలియని చెట్టు కింద ఎవరూ స్థిమితంగా ధ్యానం చేయరు. రావి, మర్రి, చింత వంటి విశాల వృక్షాలు గుడి ఆవరణకు, కాలువగట్టుకు, రేవుకు, అంటే ఎవరూ దున్నకూడని నేలకు పరిమితమయ్యాయి. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానుకు ఇక్కడి తోటలు నేలమట్టమయ్యాయి. తోటకు యజమాని ఉన్నాడు, నష్టం లెక్క ఉంది, మళ్లీ నాటే అవసరం ఉంది. గట్టున కూలిన రావికి ఈ మూడింటిలో ఏదీ లేదు.

ఉమ్మడి నీడ అనే మాటను కూడా జాగ్రత్తగా వాడవలసి ఉంది. రావి, వేప జంటగా పెరిగిన అరుగు మీద ఊళ్లో అందరికీ సమానంగా చోటు ఉండేదని భావించడం చరిత్రకు విరుద్ధం; అరుగు ఎక్కేవారెవరో, దూరంగా నిలబడేవారెవరో కులమే నిర్ణయించింది. కార్తిక వనభోజనం ఏడాదికొకసారైనా జనాన్ని ఉసిరిచెట్టు కిందికి చేర్చే ఆచారం. నేడు అది చాలాచోట్ల కులసంఘాల సమారాధనగా మారింది. వనం ఒకటే, విస్తళ్లు మాత్రం వేరు. కనుక పూర్వపు ఆరామాన్ని యథాతథంగా పునరుద్ధరించాలనడం కన్నా, అందరికీ ప్రవేశమున్న ఆరామాన్ని తొలిసారిగా నిర్మించుకోవడం అనడమే నిజానికి దగ్గర.

తెలంగాణలో 2020 నుంచి ఏర్పాటైన పల్లె ప్రకృతి వనాలు ఈ దిశగా ఒక ప్రయత్నం. పంచాయతీ నేలలో, పంచాయతీ సంరక్షణలో ఉండటం వాటి విశేషం. సప్తసంతానాల నాటి దాత స్థానంలో ఇక్కడ ఊరు ఉంది. కోనసీమకు మొక్కల కొరత లేదు. గౌతమికి ఆవలి వైపు కడియం నర్సరీల నుంచి దేశంలోని నగరాల ఉద్యానాలకు మొక్కలు తరలుతూనే ఉన్నాయి. కొరత నేలకే. ముక్తేశ్వరంలో క్షణముక్తేశ్వరుని ఆలయం ఉంది, నది ఉంది, పడవ కోసం వేచి ఉండటమే పనిగా గల రేవు ఉంది. పనిలేని ఆ కాస్త సమయం మనిషిని తనలోకి తాను చూసుకోనిచ్చేది. కోటిపల్లి–నరసాపురం రైలుమార్గం కోసం గౌతమిపై వంతెన పనులు చేపట్టారు. రైళ్లు నడవడం మొదలైతే రేవుకు రద్దీ తగ్గవచ్చు. అప్పుడు ఖాళీ అయ్యే ఒడ్డు తోటగా మారుతుందా, ఆరామంగా మిగులుతుందా అన్నది ఆ ఊరి పంచాయతీ ముందుకు రాగల ప్రశ్న.