యశోదారెడ్డి, పాకాల (1929–2007)

తెలంగాణ పల్లె పలుకుబడిని కథకు వాహికగా చేసికొని, ప్రాచీన కావ్యవిమర్శయందును అంతటి ప్రజ్ఞను చూపిన విదుషీమణి. కథకురాలు, కవయిత్రి, ఆచార్యురాలు. పుట్టినిల్లు పాలమూరుది, మెట్టినిల్లు కరీంనగరు జిల్లాది.

ఈమె 1929 ఆగస్టు 8వ తేదీన, పాలమూరు సీమయందు, నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని బిజినేపల్లిలో జన్మించెను. ఆ సీమ వానను నమ్ముకొనిన మెట్ట. కనుచూపుమేర జొన్నచేలు, ఆముదపు చేలు, నడుమనడుమ రాతిగుట్టలు, చెరువుకట్టలు.

నిజాము రాజ్యమున పాఠశాలలలో ఉర్దూ బోధనభాషగా చెలామణియగుచున్న ఆ కాలమున, ఆడపిల్ల తెలుగులో ఉన్నత పాఠశాల విద్య పొందుట అరుదు. మాడపాటి హనుమంతరావు పంతులుగారి పూనికతో 1928లో హైదరాబాదున వెలసిన బాలికల పాఠశాల ఆ కొరతను తీర్చినది. పాలమూరులో ప్రాథమిక విద్య ముగించిన యశోద ఆ పాఠశాలలోనే చదివి, పిమ్మట ఉన్నత విద్యయు పూర్తిచేసి, కోఠీ మహిళా కళాశాలలో ఉపన్యాసకురాలై, ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి నందెను. తరువాత అధికార భాషా సంఘమునకు అధ్యక్షురాలుగా పనిచేసెను. కరీంనగరు జిల్లా అన్నారమున పుట్టి, బొంబాయి జె.జె. కళాశాలలో శిక్షణ పొందిన ప్రఖ్యాత చిత్రకారుడు పాకాల తిరుమలరెడ్డి ఈమె భర్త. ఈమె ‘భారతీయ చిత్రకళ’ను గూర్చి గ్రంథము వ్రాసినదనగా ఆశ్చర్యము లేదు.

ఈమె పరిశోధనగ్రంథము ‘తెలుగులో హరివంశములు’. పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱన యొకటియు, నాచన సోమన యొకటియు రచించిన హరివంశములు దీనికి విషయము. ఇంతటి శాస్త్రీయ పరిశ్రమ చేసిన పండితురాలు కథకు పూనుకొనినప్పుడు, గ్రంథభాషను గాని, పత్రికల శిష్టవ్యవహారమును గాని ఆశ్రయింపక, ఊరి రచ్చకట్ట మాటను చేపట్టుట గమనింపదగినది.

1973లో వెలువడిన ‘మా ఊరి ముచ్చట్లు’ ఆ ప్రయత్నమునకు ఫలము. మాండలికమును పాత్రల సంభాషణలకు, అందును పనివాండ్ర నోటికి మాత్రమే పరిమితము చేసి, కథనమును తాము శిష్టభాషలో నడుపుట అంతకుముందు పలువురు రచయితల వాడుక. ఈమె ఆ ఎల్లను చెరిపివేసినది. పల్లెలో పెద్దముత్తైదువ యొకతె కథకు పూనుకొనినచో సామెతతో ఎత్తుకొనును, నడుమ ఎవరి పెండ్లియో, ఎవరి పొలము తగాదాయో జ్ఞప్తికి రాగా ప్రక్కదారి పట్టును, వినువారిని ‘ఏమంటవ్?’ అని అడుగును. వచ్చిండు, పోయిండు, గట్ల, గిట్ల అనుచు మరల అసలు ముచ్చటకు చేరును. ఆ నడకయే ఈ కథలకు నడక. వీనిని మాండలిక నమూనాలుగా మాత్రమే పరిగణించుట పొరపాటు. ఇంటి పెత్తనము, కులముల కట్టుబాటు, ఆడవారి కష్టసుఖములు, అధికారుల దర్పము మొదలగునవి మాటల పోకడలోనే వ్యక్తమగుట వీని బలము. ఆ మాట మార్చినచో విషయము కూడ చెదరిపోవును.

ఇట్టి సాహసమునకు పూర్వరంగమును తలచుకొనవలెను. తెలంగాణమున కవులు లేరను ఆక్షేపమునకు ప్రత్యుత్తరముగా, పాలమూరు సీమకే చెందిన సురవరము ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించి, మూడువందలకు పైబడిన కవులను చూపెను. అది ఛందోబద్ధమైన సమాధానము. దాదాపు నలువది ఏండ్ల పిమ్మట వచ్చిన యశోదారెడ్డి కథలు పల్లె నాలుకమీది సమాధానము.

‘ఉగాదికి ఉయ్యాల’, ‘భావిక’ మున్నగునవి కవితాసంపుటములు. కథలతో పోల్చిన వీనికి ప్రచారము తక్కువ. డెబ్బదవ ఏడు సమీపించినను కలము విడువక ‘ఎచ్చమ్మ కథలు’, ‘ధర్మశాల’ అను సంపుటములను వెలువరించెను. 2007 అక్టోబరు 7వ తేదీన, 79వ ఏట పరమపదించెను.